బొటనవేలు హాజరు

బడి విడిచినంక దోర్కా టీచర్ సీదా ఇంటికి పోయేది కాదు. పిల్లలందరు వెళ్ళిపోయి, గది ఊడ్చుడు అయినంక, మూడో తరగతి కిటికీలన్నీ మూసుకొని ఫోన్ ముందర కూర్చునేది. మూయకుంటే నాచారం అంతా పాఠంల జొరబడుతది మరి. కంపెనీ బస్సుల హారన్లు, పక్క షెడ్డుల రేకులు కోసే మిషను, పాత సామాన్లు కొనేటోని మైకు. ఆనాటి పాఠం మళ్ళొకసారి చెప్పి, రికార్డు చేసి, తల్లిదండ్రుల గ్రూపుల పెట్టాలె. పైనుంచి వచ్చిన ఆర్డరు. డిజిటల్ చదువంట, ఇంటోళ్ళ భాగస్వామ్యమంట. పేర్లైతే మస్తుగ పెడతరు.

"పిల్లలూ, కళ్ళిటు, చెవులిటు, ముచ్చట్లు సంచిల!" అని మొదలుపెట్టేది. ఎక్కాలైనా, పద్యమైనా, మొక్కల పాఠమైనా ఆమె మొదలు అదే. క్లాసుల ఆ మాట అనంగనే పిల్లలు ముచ్చట్లను పిడికిట్ల పట్టి సంచిల ఏసినట్టు చేసి కిసుక్కున నవ్వేటోళ్ళు. ఫోన్ ముందర నవ్వేటోళ్ళు ఎవరున్నరు? అయినా అంతే హుషారుగ అనేది.

ఫోన్ల పంపిన గొంతు మనిషిని విడిచి పోతదన్నది అందరికీ తెలిసిన సంగతే. అవతల ఇంట్ల ఎవరన్న వింటే తెల్లారేసరికి వాపసు వస్తది. వినకుంటే అక్కడ్నే పడి ఉంటది. జూన్ల దోర్కా టీచర్ పిలిస్తే గేటు బయట ఉన్న పిల్లలు ఉరికొచ్చేటోళ్ళు. దసరా సెలవుల నాటికి ఆ గొంతు వెనక బెంచీ దాక పోలే. క్రిస్మస్ నాడు చర్చిల పాట పాడుతుంటే ఆనుకొని నిలబడ్డ భర్త జోసఫ్‌కే వినపడలే. "పాటలు దేవుడు మాఫ్ చేస్తడు గని, జర ఆదా చేసుకో. సెలవులైనంక బడి ఉన్నది గదా" అన్నడు జోసఫ్. దవాఖానాల డాక్టరు నోట్ల టార్చి ఏసి చూసి, "ఎంతమంది వినలేదమ్మా?" అని అడిగి, ఉప్పునీళ్ళు పుక్కిలించమని పంపిచ్చిండు.

నాలుగో తరగతి సూర్యకళ మేడం గొంతయితే నిరుడే మొత్తం పోయింది. ఇప్పుడు ఆమె మధ్యాహ్నం అన్నానికి బియ్యం కొలిచి ఇస్తది, బడి గంట కొడతది. పొద్దున కనబడితే నవ్వుతది, అంతే. ఆ నవ్వు చూసిన దినం దోర్కా ఉప్పునీళ్ళు ఇంకోసారి పుక్కిలించేది.

మరి గ్రూపుల జనం లేరా అంటే, ఎందుకు లేరు! పాఠం పడుడే ఆలస్యం, కింద పసుపుపచ్చ బొటనవేళ్ళు టపటప పడేటివి. మొదట్ల అవి చూసి దోర్కా సంబరపడ్డది. ఎంత మంచి తల్లిదండ్రులు దొరికిన్రని జోసఫ్‌కు చూపిచ్చి మురిసింది గూడ. వేళ్ళయితే పడుతున్నయి, గొంతు మాత్రం ఇంటికి రాకపాయె. ఇదేం లెక్కనో ఆమెకు అర్థం కాలే.

ఫిబ్రవరిల ఒక శుక్రవారం రంజిత్ బడికి వచ్చినప్పుడు అర్థమైంది.

రంజిత్ అంటే మూడో తరగతి సంతోషి వాళ్ళ నాయిన. మందుల కంపెనీల ప్యాకింగ్ పని, చిల్కానగర్‌ల ఒక్క రూము కిరాయి. యూనిఫాం మీదనే వచ్చి, చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకొని నిలబడ్డడు.

"టీచర్, సోమవారం సంతోషికి టీసీ ఇప్పియ్యుండ్రి. జనగామల మా చెల్లెకు కవలలు పుట్టిన్రు. వాళ్ళను సూసుకుంట ఆడ్నే ఉంటది."

"మరి బడి?" అన్నది దోర్కా. గొంతు గీసుకపోయినట్టు వచ్చింది.

"ఏం బడి టీచర్? మొన్న ఫోన్ల పరీక్ష పెడితిరి, దాని పేరు కాడ ఎర్రగొచ్చింది. నేనేమన్న తక్కువ జేసిన్నా? డ్యూటీ దిగి గేటుకాడ ఫోన్ చేతికి రాంగనే ఫస్టు మీ పాఠానికే ఏలు పెడుత. ఒక్క నాగా లేదు, కావాల్నంటే సూసుకోండ్రి. దినాం హాజరు పడ్డంక గూడ సదువు రాలేదంటే, పిల్ల తలకాయల లేదన్నట్టే గదా."

దోర్కాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కంపెనీ గేటుకాడ ఫోన్ పెట్టెల ఏసి, మిషను మీద బొటనవేలు పెడితే హాజరు. ఆ వేలు పడితేనే ఆ రోజు జీతం. గ్రూపుల గూడ వేలు కనబడె. పెడితే పిల్లకు హాజరు పడుతదనుకున్నడు. రంజిత్ ఒక్కడే గాదు, వాడకు వాడ అట్లనే అనుకున్నది. ఏ ఒక్కరూ ఎగ్గొట్టలే పాపం. అందరూ నిష్ఠగ పెట్టిన్రు, ఒక్కరూ వినలే.

"ఏలు పెడితే సాలదు రంజిత్. పిల్లను పక్కన కూసోబెట్టుకొని..." అన్నది దోర్కా. వినాలె అన్న మాట రాలే. పెదవులు ఆడినయి, అంతే.

"ఏంది టీచర్?" అని కొద్దిసేపు చూసిండు రంజిత్. "మీకు పాణం మంచిగ లేనట్టున్నది" అని దండం పెట్టి వెళ్ళిపోయిండు.

హెడ్‌మాస్టరు రామ్మోహనరావు ఆమెను పిలిచి కూర్చోబెట్టిండు. "దోర్కమ్మా, మిగిలింది గుక్కెడు గూడ లేదు. సూర్యకళ మేడం ఆలస్యం చేసింది, మీరు చెయ్యకుండ్రి. గ్రూపుల పాఠాలన్నీ తుడిపేస్తే నాలుగైదు దినాలల్ల గొంతు తిరిగొస్తది. ఇంతకాలం పడి ఉన్నది ఇప్పుడు ఎవరన్న విన్నరనుకో, ఇంక మీకు రాదు. తొవ్వ మర్చిపోయి విన్నోళ్ళ దగ్గర్నే ఉండిపోతది" అన్నడు. దోర్కా తలూపింది. నాలుగైదు దినాలంటే అప్పటికి సంతోషి జనగామల ఉయ్యాల ఊపుతుంటది.

ఆదివారం చర్చి అయినంక దోర్కా అటునుంచి అటే చిల్కానగర్ పోయింది. రంజిత్‌కు ఆ దినం సెలవు. సంతోషి తల్లి రాజ్యం స్టవ్ మీద చాయ పెట్టింది. మూలకు పిల్ల బట్టల సంచి కట్టి ఉన్నది. సంతోషి దాని మీదనే కూర్చుని ఉన్నది. టీచర్‌ను చూసి లేచి నిలబడ్డది గని, దగ్గరికి రాలే. ఎర్రగొచ్చినందుకు తిడుతదనుకున్నదేమో.

టీవీ పక్కన చార్జింగ్‌ల ఉన్న రంజిత్ ఫోన్ చూపిచ్చి, ఇయ్యమన్నట్టు చెయ్యి చాపింది దోర్కా. ఒక చేతిల తన ఫోన్, ఒక చేతిల రంజిత్‌ది. తన దాంట్ల నొక్కితే అన్నీ తుడిచిపెట్టుకపోతయి, గొంతు ఇంటికొస్తది, మళ్ళ చర్చిల పాడొచ్చు. సూర్యకళ నవ్వు యాదికొచ్చింది. నిజం చెప్పాలంటే ఆమె మనసు తుడిపేసే దిక్కే గుంజింది. ఆ పిల్ల చూపు ఒక్కటి మధ్యల లేకుంటే నొక్కేదే.

తన ఫోన్ సంచిల ఏసుకొని, రంజిత్ ఫోన్ల జూన్ నెల మొదటి పాఠం నొక్కి, సంతోషిని కూర్చోబెట్టి ఒడిల పెట్టింది.

"పిల్లలూ, కళ్ళిటు, చెవులిటు, ముచ్చట్లు సంచిల!"

గది గదంతా మోగింది. రాజ్యం స్టవ్ బంద్ చేసింది. నిలబడ్డ రంజిత్ బిడ్డ పక్కన చతికిలబడ్డడు. పాఠం ఎంబడి పాఠం. ఒక్కొక్కటి అయిపోయినప్పుడల్లా దోర్కా గొంతుల ఏదో తెగినట్టయ్యేది. తన గొంతు అంత మంచిగుండెనా అని ఆమెకే దుఃఖం వచ్చింది. పొద్దుగూకే దాక ముగ్గురూ కదలలే.

"గిన్ని మాటలున్నయా దీంట్ల?" అన్నడు చివరికి రంజిత్. "నేను ఏలు పెడితే సాలనుకుంటి టీచర్. ఒట్టు, తెల్వదు." కొంగుతోని ముక్కు తుడుచుకున్నది రాజ్యం. ఆయన సంచి దిక్కు చూసి మళ్ళ అన్నడు, "గని ఇప్పుడేం జేస్త? చెల్లెకు మాటిచ్చిన. ఒక్కనాడు ఇంటే అంతా వస్తదా? రేపు టీసీకొస్త."

దోర్కా ఏదో అనబోయింది. గుక్కెడు గూడ రాలే. చాయ తాగి, నడుచుకుంట ఇంటికొచ్చింది. జోసఫ్ ఏమైందని అడగలే, ఉప్పునీళ్ళు గూడ కాచలే.

సోమవారం రామ్మోహనరావు టీసీ రాసి సంతకం పెట్టి, రంజిత్ ముందర జరిపిండు. గోడ అవతల మూడో తరగతిల గోలగోల. బోర్డు కాడ దోర్కా సుద్దముక్కతోని బల్ల మీద కొడుతున్నది. ఎవరు వింటరు? సర్కారు ఇచ్చిన పెద్ద టీవీల గుండ్రం తిరుగుతనే ఉన్నది, పాఠం రాదు. సంచి పట్టుకొని క్లాసు తలుపు కాడ నాయిన కోసం నిలబడ్డ సంతోషి టీచర్ మొఖం చూసింది. సంచి కింద పెట్టింది.

"పిల్లలూ, కళ్ళిటు, చెవులిటు, ముచ్చట్లు సంచిల!"

అచ్చం దోర్కా టీచర్ గొంతు. జూన్‌ల ఉన్నంత గొంతు, గేటు దాక పోయింది. పిల్లలు ముచ్చట్లు సంచిలేసి టక్కున కూర్చున్నరు. సంతోషి బోర్డు కాడికి పోయి మొక్కల పాఠం అందుకున్నది. ఆగకుండ, తడబడకుండ.

ఆఫీసుల రంజిత్ పెన్ను కింద పెట్టిండు. "మా పిల్లనేనా సార్?" అన్నడు. రామ్మోహనరావు అవునన్నట్టు తలూపిండు. "ఆ కాయితం చింపుండ్రి సార్. చెల్లెకు నేను ఏదో ఒకటి చెప్పుకుంట" అని, గది బయట గోడకు ఆనుకొని అట్లనే నిలబడ్డడు. ఆనాడు ఆయన డ్యూటీకి నాగా పడ్డది.

అదే వారం ఇంకో తల్లి, సుబ్బులు, కొడుకు టీసీ కోసం వచ్చింది. నేను గూడ దినాం ఏలు పెట్టిన అన్నది. దోర్కా పెదవులు ఆడిచ్చింది. సుబ్బులు అయ్యో పాపం అని, టీసీ తీసుకొని పోయింది. గొంతు ఒక్కటే ఉండె, అది అయిపోయింది.

ఇప్పుడు దోర్కా వెనక బెంచీల కూర్చుంటది. ముందర సంతోషి ఆ గొంతుతోని హాజరు పిలుస్తది. ఒక్కో పేరుకు ఒక్కొక్కరు ప్రెజెంట్ అంటరు. అందరి పేర్లూ అయినంక, సంతోషి వెనక బెంచీ దిక్కు చూసి, "దోర్కా టీచర్" అని పిలుస్తది.

దోర్కా బొటనవేలు పైకెత్తి చూపిస్తది.