బ్లేళ్ల కింద మందు

నేను ఒక ఆయింట్‌మెంటు ట్యూబును. నాలో ఉన్నది నానో మందు. వెంట్రుకను వేల పాయలుగా చీల్చినా రానంత సన్నని రేణువుల్లో మందును పొదిగి నాలో నింపారు. పైచర్మాన్ని దాటి లోపలి పొరల్లోకి చేరడం నా పని. అలాంటి నేను జనగామలో ఒక కటింగ్ షాపు సొరుగులో, పాత బ్లేళ్ల కింద ఇరుక్కుపోయాను.

నన్ను కొన్న బుచ్చిరాములుకు అరచేతుల్లో సోరియాసిస్. చర్మం పొలుసులు కట్టి పగిలేది. కత్తెర పట్టుకుంటే నెత్తురు చెమ్మ. "ఇది అంటుకునే జబ్బు కాదు. రెండు పూటలా రాయండి" అని డాక్టరమ్మ చెబితే తలూపాడు. షాపుకు రాగానే నన్ను సొరుగులోకి తోసేశాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, అడిగినవాళ్లకు "తలకేసే రంగు చేతులకు అంటుతాంది" అనేవాడు.

షట్టరు దించాక గుర్తొస్తే కాస్త రాసుకునేవాడు. తొడుగుల చెమటకు చేతులు మరింత పగిలాయి. చర్మంలోకి దూరగలిగిన నేను చెక్క సొరుగును దాటలేక చీకట్లో కత్తెర చప్పుడు వింటూ పడి ఉన్నాను.

ఒక మధ్యాహ్నం అతని భార్య అనసూయ అన్నం తెచ్చింది. తొడుగులు తీసి పచ్చడి ముద్ద కలపబోయి, పగుళ్లు మండి అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె సొరుగు లాగింది.

"బ్లేళ్ల కింద పెడితే చెయ్యి ఎట్ల మానుతది?"

"చూసినోళ్లు మల్ల ఈ కుర్సీల కూసోరు, అనసూయా."

"కూసోకుంటే నేను బీడీలు చేస్త. నువ్వైతే ముద్ద కలుపుకొని తినాలె."

నన్ను అద్దం ముందు, పౌడరు డబ్బా పక్కన నిలబెట్టి, తొడుగులు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం కటింగుకు కూర్చున్న ఒకాయన నా మీది అక్షరాలు చదివి, పనేదో గుర్తొచ్చిందంటూ లేచి వెళ్లిపోయాడు. తర్వాత లారీ డ్రైవరు జహంగీర్ వచ్చి కూర్చున్నాడు.

"చేతులకేమైంది రాములన్నా?"

"సోరియాసిస్. అంటేది కాదు." ఆ మాట బుచ్చిరాములు నోట వినడం నాకు అదే మొదలు.

"ఇన్నేండ్ల సంది నీ కత్తి కింద గొంతు పెడుతున్న. ఇప్పుడు చెయ్యికి భయపడ్తనా? కానియ్" అని జహంగీర్ తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

నేను అయిపోయేసరికి ఒక అరచెయ్యి నునుపు తేలింది. రెండోది ఇంకా పగులుతూనే ఉంది. ఆనాడు లేచి వెళ్లినాయన మళ్లీ రాలేదు. ఇప్పుడు నేను వెంట్రుకల బుట్టలో ఉన్నాను. అద్దం ముందు కొత్త ట్యూబు నిలబడింది. గుమ్మంలో తెలియని ముఖం కనిపిస్తే బుచ్చిరాములు చెయ్యి దానివైపు వెళుతుంది. దాని మీద ఒక క్షణం ఆగుతుంది. ఆ తర్వాత దాన్ని అక్కడే వదిలి కత్తెర అందుకుంటుంది.