వరుసల ఒక జాగ

బోధన్‌ల ఒక సర్కారు బడికి శ్రీవాణి కొత్తగ వ్యాయామం టీచర్‌గ వచ్చింది. పొద్దున్నే విజిల్ ఊదుడు, పిల్లల్ని వరుసల నిలవెట్టుడు, కసరత్తు చేపిచ్చుడు, గదే ఆమె పని. బర్మాల ఇండ్లు కాలవెడితే పానాలు అరచేత పట్టుకొని వచ్చినోళ్ల పిల్లలు గా బడిల శానమంది. మొదట్ల విజిల్ మోగంగనే నేలకు కరుచుకొని పండుకునేటోళ్లు. పాపం, మెల్లగ ఊదుడు నేర్చుకున్నది.

వరుసల కుబ్రా అనే పిల్ల తన ముంగట ఒక మనిషి పట్టేంత జాగ ఇడిసేది. ఎండ వొడిస్తే గా జాగల రెండు జడల నీడ వడేది. మనిషి లేదు, నీడున్నది. చేతులు ముందటికి చాపుమంటే కుబ్రా వేళ్లకు ఉత్త గాలే తగిలేది. దీనికి ఎవ్వరు ఇచ్చంత్రపోలే. వంటచేసే అంజవ్వయితే "నీడపిల్ల ఇయ్యాల చిక్కినట్టు కొడుతున్నది" అనుకుంట పోయేది.

"గీ జాగ మా అల్మాస్ అక్కది, టీచర్. బార్డర్ కాడ తప్పిపోయింది. వస్తే నిలవడెతందుకు జాగ ఉండాలె గద," అన్నది కుబ్రా.

ఇంతల తనిఖీ వచ్చె. హెడ్మాస్టర్ సురేందర్ సారు "వరుసల సందు కనవడొద్దమ్మా" అన్నడు. శ్రీవాణి నౌకరీ ఇంక పక్కా కాలే. గా భయానికి "ముందుకు జరుగు, కుబ్రా" అన్నది. పిల్ల జరిగింది. నీడ లేచి, గేటు దాటి, చెరుకు తోటల దిక్కు పోయింది. తనిఖీ సారు శభాష్ అన్నడు. ఏం శభాషో, మన్ను!

తెల్లారి జాగ ఇడిసినా నీడ రాలే. కుబ్రా బడిల అన్నం ముట్టుడు బందు చేసింది. "ఎంత పని చేస్తిని దేవుడా" అని శ్రీవాణికి కంటికి కునుకు లేదు. రోజు గేటు దిక్కు సూసుకుంటనే ఊదేది.

"ఊదకుండ్రి టీచర్. ఇంక రాదు," అన్నది కుబ్రా ఒకనాడు.

శ్రీవాణి ఇనలే, మల్ల ఊదింది. ముందు నీడ వచ్చింది గేట్లకెళ్లి. దాని ఎనక, తప్పిపోయిన మేకను తరుముకుంట వచ్చినట్టు, రెండు జడల పిల్ల. చేతిల చెరుకు కొట్టే కత్తి, కాళ్ల నిండ దుబ్బ. ఆమె కింద నీడ లేదు.

"ఇన్నేండ్లకు, కూలికి వచ్చిన తోటల దొరికింది నా నీడ. దాని ఎంబడి వడి వచ్చిన," అని ఆయాసపడుకుంట కత్తి కిందవెట్టి, ఖాళీ జాగల నిలవడ్డది. నీడ ఆమె కాళ్ల కిందికి వచ్చి చేరింది.

శ్రీవాణి విజిల్ ఇడిసిపెట్టింది. నోటితోనే అన్నది:

"చేతులు ముందటికి చాపుండ్రి."

కుబ్రా చాపింది. ఈసారి వేళ్లకు అక్క భుజాలు తగిలినయి.