ఇస్త్రీ చొక్కాల ప్రయాణికులు

మాంసం కొట్టు మావయ్యని బ్యాంకు గుమస్తా చొక్కాలో చూసిన రోజు నేను పడీపడీ నవ్వాను. మెడ దగ్గర గుండీ పట్టక, గాలాడక, కళ్ళు తేలేస్తూ నిలబడ్డాడు పాపం. ఇప్పుడు ఆ చొక్కా గుర్తొస్తే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

రైల్వే గోడని ఆనుకుని పాత గోదాము గదులు వరసగా ఉండేవి. అన్నీ ఎప్పుడో మూతపడి, షట్టర్లు తుప్పు పట్టిపోయాయి. చివరి గది ఒక్కటే బతికున్నది, అది మేం అద్దెకి తీసుకున్నది. సగంలో నా కుట్టుమిషను, సగంలో మా చెల్లి ఇస్త్రీ బల్ల. చెల్లి వయసంతా బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ చేస్తూ నిలబడింది. అక్కడ సూపర్‌వైజరు అరుపులతోనే తెల్లారేది, ఆ అరుపులతోనే పొద్దుగూకేది. ఒకరోజు ఆ ఉద్యోగానికో దణ్ణం పెట్టి వచ్చేసి, ఈ బల్ల వేసుకుంది. బల్ల మీద మడత పెట్టిన కంబళి, దాని మీద పాత దుప్పటి, దుప్పటి మూల మొదటి రోజు కంగారులో మాడ్చిన ఇస్త్రీపెట్టె మచ్చ. ఆ మచ్చ చూపించి, "చూడక్కా, ఇంత మాడ్చినా నన్ను తిట్టేవాడు లేడు" అని మురిసిపోయేది. ఆ మాట వింటే నాకు కడుపు నిండేది.

అలాంటి రోజుల్లో రైలు ప్రణాళిక వచ్చిపడింది. ప్రభుత్వం మా లైనంతా బాగుచేస్తుందట, వేగంగా పోయే కొత్త రైళ్ళు వేస్తుందట. రైలు ఆగిన ఊరికి వ్యాపారాలూ ఉద్యోగాలూ వాటంతటవే నడిచొస్తాయని రేడియోలో ఊదరగొట్టారు. కాకపోతే ఒక మెలిక. జనం బాగా ఎక్కే స్టేషన్లలోనే ఆ రైళ్ళు ఆగుతాయి. మా స్టేషన్లో పొద్దున పూట ఎక్కేవాళ్ళకి ఒక్క బెంచీ చాలు, అందులో కూడా కుక్క పడుకోవడానికి చోటు మిగిలేది.

దాంతో ఊళ్ళో రైలు కమిటీ వెలిసింది. దానికి పెద్ద సిమెంటు బాబాయి. సిమెంటు కొట్టు ఆయనది. ఎవరికీ సొంత బాబాయి కాడు, అందరికీ బాబాయే. ప్రయాణికులని లెక్కపెట్టేవాళ్ళు బుధవారం పొద్దున్నే వస్తారని ఎవరి ద్వారానో కూపీ లాగి, మీటింగు పెట్టాడు.

"ఆ పూట కొట్లన్నీ మూసెయ్యాలి. ఊరు ఊరంతా ప్లాట్‌ఫారం మీదే ఉండాలి. టికెట్టు కొని పక్క స్టేషను దాకా వెళ్ళి రావాలి. అయితే ఈ లుంగీలూ నూనె మరకలూ పనికిరావు. రోజూ ఉద్యోగానికి పోయేవాళ్ళలా కనపడాలి" అన్నాడు.

అందరి చూపులూ మా చెల్లి మీదికి తిరిగాయి.

"అమ్మా, ఊళ్ళో ఉన్న మంచి బట్టలన్నీ నీ దగ్గరే కదా."

"నా దగ్గరున్నాయి గానీ నావి కాదు కదా బాబాయ్. ఇస్త్రీకిచ్చినవాళ్ళవి."

"ఒక్క పూటే కదమ్మా. మళ్ళీ ఉతికి ఇస్త్రీ చేసి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? రేపు రైలు ఆగిందంటే నీ కొట్టు ముందు మూటలు పెట్టడానికి చోటుండదు."

నేను వద్దంటే వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చెల్లి చెవిన పెట్టలేదు. తన బల్ల పక్కన ఇంకో బల్ల వేసి, ఫ్యాక్టరీలో ఇంకా తిట్లు తింటున్న తన స్నేహితురాలిని పిలిపించుకోవాలని దాని ఆశ. ఆ ఆశ బాబాయికి తెలుసు. ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కాడు.

బుధవారం తెల్లారేసరికి ఊరు పెళ్ళికి తరలినట్టు తయారైంది. మావయ్యకి బ్యాంకు గుమస్తా చొక్కా. ఆ గుమస్తా సెలవు మీద వేరే ఊరెళ్ళాడు కాబట్టి సరిపోయింది. సైకిళ్ళు బాగుచేసే అతనికి డాక్టరుగారి ప్యాంటు, నడుము దగ్గర నేనే నాలుగు కుట్లు వేశాను. అందరి చేతుల్లో ఖాళీ బ్యాగులు. లెక్కపెట్టే కుర్రాడు వచ్చి మావయ్యని, "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే, ఆయన కాలరు సర్దుకుని, "బ్యాంకు" అన్నాడు. "ఏ బ్యాంకండీ?" అంటే, "పెద్ద బ్యాంకు" అన్నాడు. మేం నవ్వాపుకోలేక చచ్చాం. చెల్లి కూడా టీచరమ్మ చీర కట్టుకుని, కొట్టుకి తాళం వేసి, మాతో పాటే రైలెక్కింది.

మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే గోడవార షట్టర్లన్నిటి మీదా పసుపు రంగుతో గుండ్రటి గుర్తులున్నాయి, మా షట్టరు మీద కూడా. మేం లేనప్పుడు ఇంకో బృందం వీధి చూడ్డానికి వచ్చి వెళ్ళిందన్నమాట. చెల్లి ఎగిరి గంతేసినంత పని చేసింది. "అక్కా, మన కొట్టు కూడా ప్లాన్లోకి ఎక్కింది!" అంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం షట్టరు కడిగేటప్పుడు ఆ గుర్తు చెరిగిపోకుండా చుట్టూ తుడిచేది, నా పిచ్చి చెల్లి.

కొన్ని నెలలకి బడి హాల్లో సభ పెట్టి ప్రణాళిక చదివారు. గోడకి మా ఊరి మ్యాపు తగిలించారు. ప్రణాళిక ఆఫీసరు మెత్తటి మనిషి, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడాడు. మా స్టేషన్లో రైలు ఆగుతుందన్నాడు. హాలు చప్పట్లతో హోరెత్తింది. ఇంతమంది ఉద్యోగస్తులున్న ఊళ్ళో కార్లు పెట్టుకునే చోటే లేదు కాబట్టి, గోడవార పసుపు గుర్తు పెట్టిన మూతపడ్డ గదులన్నీ కూల్చి పార్కింగు కడతామన్నాడు. నడుస్తున్న వ్యాపారం ఏదైనా పోతే కొత్త స్టేషన్లో కొట్టు ఇచ్చేవాళ్ళమనీ, అదృష్టంకొద్దీ అక్కడ ఒక్కటి కూడా నడవడం లేదనీ అన్నాడు.

చెల్లి లేచి నిలబడింది. "మా కొట్టు నడుస్తోందండీ."

"సర్వే రోజున తాళం వేసి ఉందమ్మా. ఫొటో కూడా ఉంది."

"ఆ రోజు మూశాం. రైలెక్కడానికి మూశాం."

"ఎందుకమ్మా? ఎక్కడికి వెళ్ళారు?"

నిజం చెబితే రైలు ఆగదు, చెప్పకపోతే కొట్టు ఉండదు. సిమెంటు బాబాయి వెనక నుంచి గొంతు తగ్గించి, "కూర్చో తల్లీ. ఊరు ముఖ్యమా, నీ బల్ల ముఖ్యమా?" అన్నాడు. పార్కింగుకి సిమెంటు ఎవరి కొట్లోంచి వెళ్తుందో నాకు అప్పుడే తట్టింది.

చెల్లి కూర్చోలేదు. జరిగినదంతా చెప్పేసింది. చెప్పి, మావయ్య వైపు తిరిగింది. చిన్నప్పటి నుంచి దాన్ని కోడలా అని పిలిచిన మనిషి ఆయన.

"మావయ్యా, నువ్వు చెప్పు. ఆ రోజు నువ్వు వేసుకున్న చొక్కా ఎవరిది?"

మావయ్య నేల చూపులు చూశాడు. "నాదేనమ్మా" అన్నాడు.

నేను లేచి, అది అబద్ధం, నా కళ్ళతో చూశాను అని అరిచాను. అక్క కదా, చెల్లెలి వైపు మాట్లాడక ఏం చేస్తుందని ఎవరో అన్నారు. సైకిళ్ళతను నా వైపే చూడలేదు. ఆ ప్యాంటుకి నడుం కుట్టిన చేతులు ఇవి. సాక్ష్యం లేని మాట రాసుకోలేనని ఆఫీసరు మెత్తగానే చెప్పి ఫైలు మూసేశాడు. నాకు ఆ హాలుకి నిప్పు పెట్టాలనిపించింది.

అంతమందిలో దాని మాట నమ్మినవాడు ఒక్కడే. బ్యాంకు గుమస్తా లేచి, మొహం కందగడ్డలా చేసుకుని, "నా చొక్కా ఎవడికో తొడిగావా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి తన మూట తీసుకుపోయాడు. సాయంత్రంలోగా డాక్టరుగారి మూట, టీచరమ్మ మూట కూడా వెళ్ళిపోయాయి. పార్కింగువాళ్ళు రాకముందే బల్ల ఖాళీ అయిపోయింది.

గదులు కూల్చే రోజున చెల్లి ఆ మచ్చ దుప్పటి ఒక్కటి మడిచి చంకలో పెట్టుకుని వచ్చేసింది. నా మిషను ఇంటి వరండాలోకి మారింది. ఇప్పుడక్కడ నున్నటి నేల, దాని మీద తెల్ల గీతలు. అందులో పొద్దస్తమానం నిలబడేది సిమెంటు బాబాయి లారీ ఒక్కటే.

రైలు మాత్రం ఆగుతోంది, చెప్పినమాట తప్పలేదు. చెల్లి రోజూ పొద్దున్నే దాంట్లో పట్నం వెళ్ళి, ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అక్కడా ఒక సూపర్‌వైజరున్నాడు. అరుస్తాడా అని నేను అడగను, అది చెప్పదు. నేను స్టేషను దాకా వెళ్ళి దిగబెట్టి వస్తాను.

మొన్న ప్లాట్‌ఫారం మీద ఒక అమ్మాయి ఎదురొచ్చింది. రైలు వల్ల ఊరికి ఏం మేలు జరిగిందో కనుక్కోవడానికి మళ్ళీ సర్వే అట. ఎక్కే నలుగురినీ అడుగుతూ చెల్లి దగ్గరికొచ్చింది.

"కొత్త రైలు వల్ల మీకు ఉద్యోగం దొరికిందాండీ?"

జరిగిందంతా నా నాలుక చివరిదాకా వచ్చింది. చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"దొరికిందమ్మా" అంది.

ఆ అమ్మాయి మొహం విప్పారింది. "హమ్మయ్య! ఈ ఊళ్ళో దొరికిందన్నది మీరొక్కరేనండీ" అంది.

చెల్లి నా చెయ్యి వదిలి రైలెక్కింది.