వీరదుర్గ కాలికి తీసిన ఎక్స్‌రే

యాస్మిన్ ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. కొల్లేటి లంకలో ఉండే వీరదుర్గ చేపల చెరువు గట్టు మీద జారిపడి, వాచిన చీలమండతో వచ్చిన రోజు అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ హడావుడిలో యాస్మిన్ కాలికి ఎక్స్‌రే తీసింది గానీ, కడుపుతో ఉన్నారా అని అడగడం మరిచిపోయింది.

కొన్ని వారాలకు వీరదుర్గ అత్తగారు సత్యవేణి ఒక్కతే వచ్చింది. ఎక్స్‌రే తీసేనాటికే కోడలికి నెల తప్పిందట. బిడ్డ అవిటిగా పుడుతుందని ఊళ్లో అందరూ అంటున్నారట. రేపు కడుపు తీయించేస్తామని చెప్పి, జవాబు కూడా వినకుండా కళ్లు తుడుచుకుంటూ బస్సుకి వెళ్లిపోయింది.

యాస్మిన్ ఆ ఆసుపత్రిలోనే కాన్పులు చూసే డాక్టర్ విజయకుమారి దగ్గరికి పరుగెత్తింది. కాలికి తీసిన ఎక్స్‌రేతో గర్భానికేమీ కాదని, వాళ్లని ఒకసారి తన దగ్గరికి తీసుకురమ్మని ఆవిడ చెప్పింది. డ్యూటీ అయ్యాక యాస్మిన్ భర్త జమీర్ బండెక్కి లంకకి వెళ్లింది.

వీరదుర్గ కట్టుకట్టిన కాలు చాపుకుని మంచం మీద కూర్చుంది. అడగకపోవడం తన తప్పేనని యాస్మిన్ ముందుగా ఒప్పుకుంది.

"ఆ మిషన్లో ఒక గొట్టం ఉంటుందండీ. అందులో తీగ కాగితే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. గొట్టం రెండు కొసల మధ్యా వేల వోల్టులు పెడతాం. ఆ వోల్టుల్లో ఉన్న శక్తితో ఎలక్ట్రాన్లకి వేగం వచ్చుద్ది. అవెళ్లి ఎదురుగా ఉన్న లోహపు బిళ్లని గుద్దుకుంటాయి. ఆ శక్తి దాదాపు అంతా వేడైపోయి, రవ్వంత ఎక్స్‌రే అవుద్ది. దాన్ని మీ కాలి మీదికే వదిలానండీ. స్విచ్చి తీసేస్తే వోల్టులుండవు, ఎలక్ట్రాన్లకి వేగముండదు, ఇంకేమీ పుట్టదు. మీ ఒంట్లో ఏమీ మిగల్లేదు."

మరి తీసేటప్పుడు మీరెందుకు గోడ చాటుకి పోతారని సత్యవేణి నిలదీసింది. రోజంతా, ఏడాది పొడుగునా అక్కడే ఉంటాం గనక అని యాస్మిన్ చెప్పింది.

వీరదుర్గ అడిగింది.

"మీకు పిల్లలెంతమందండీ?"

యాస్మిన్ గుమ్మంలో నిలబడ్డ జమీర్ వంక చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

"లేరండీ. పోయినేడాది నాలుగో నెల్లో కడుపు పోయింది."

"ఆ మిషన్ వల్లేనా?"

"కాదన్నారండీ డాక్టరు గారు. అన్నీ చూసే చెప్పారు. అయినా చాలా రోజులు నిద్ర పట్టేది కాదు. మీకూ అలా కాకూడదనే వచ్చాను."

సత్యవేణి ముఖం మాడిపోయింది. వచ్చిన పని తనే చెడగొట్టుకున్నానని యాస్మిన్‌కి అనిపించింది.

వీరదుర్గ అత్తతో అంది. "ఆవిడ కావాలంటే తన సంగతి దాచేది కదత్తయ్యా. దాచలేదు. రేపు ఆ డాక్టరమ్మ దగ్గరికే పోదాం."

స్కానింగులో బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందని విజయకుమారి చూపించింది. కడుపు నిలుపుకున్నారు గానీ భయం పోలేదు. చెకప్పుకి వచ్చినప్పుడల్లా వీరదుర్గ ఎక్స్‌రే గది దాకా వచ్చి, ఏమీ కాదు కదండీ అని అడిగేది. కాదండీ అని చెప్పి పంపిన ప్రతిసారీ యాస్మిన్ ఆ పూట అన్నం తినలేకపోయేది.

చివరికి వీరదుర్గే ఫోన్ చేసింది. ఆడపిల్లట, ఏ లోపమూ లేదట.

ఇంటికెళ్లి యాస్మిన్ ఆ మాట చెబితే జమీర్ చాలా సంతోషించాడు. ఆ తర్వాత, మన బిడ్డ ఆ మిషన్ వల్ల పోలేదనే అనుకుంటున్నావా అని మెల్లగా అడిగాడు.

"అవును," అంది యాస్మిన్.

అతను నమ్మాడో లేదో ఆమెకి తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాడు.