వెళ్ళొస్తాం

ఆ ఇంట్లో "వెళ్ళొస్తాను" అని చెప్పి గడప దాటినవాళ్ళు, పడవ అవతలి రేవు చేరకముందే తిరిగి వచ్చేస్తారు. ఇంటికున్న లోపం అదొక్కటే. పైకప్పు కారదు, తలుపులకి చెద లేదు, సముద్రం పక్కనే ఉన్నా బావిలో నీళ్ళు తియ్యగానే ఉంటాయి.

తాతబ్బాయి ఈ సంగతి దాచడు. ఆ లంకలో స్థలాల బ్రోకరూ ఆయనే, రేవులో పడవా ఆయనదే.

"అందుకేనండి చవగ్గా ఇచ్చేత్తన్నారు. రేపు తెలిసి నన్ను తిట్టుకుంటారని ముందే చెప్పేత్తన్నాను, ఆయ్," అంటాడు.

"మరి వెళ్తాను అన్నవాళ్ళో?" అని అడుగుతుంది హైమావతి.

"ఆళ్ళు ఎల్లిపోతారండి. మరింక రారు."

హైమావతి మారుమాట లేకుండా ఇల్లు కొనేస్తుంది. లోపం ఉన్నా ఫరవాలేదని కాదు, లోపం ఉంది కాబట్టే.

ఎందుకంటే ఈ ఇంటిని ముందు చూసుకున్నది ఆమె భర్త కామేశం. గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక ఇల్లు కొని, సెలవులకి వచ్చేవాళ్ళకి రోజుల లెక్కన అద్దెకివ్వాలని ఆయన పిచ్చి. "మనకి పిల్లా పీచూ లేరు. వచ్చేపోయేవాళ్ళయినా ఉంటారు కదోయ్," అనేవాడు. ఒక్కడే వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. నచ్చిందని ఆమెకి ఫోన్ చేశాడు. తిరుగు బస్సెక్కి, కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. రాజమండ్రిలో అందరూ దిగారు, ఆయన దిగలేదు.

హైమావతి పరుగెత్తుకుని వెళ్ళేసరికి ఆయన్ని కిందికి దించేశారు. కిటికీ అద్దం మీద కొబ్బరినూనె మరక మాత్రం గుండ్రంగా, ఆయన తల ఆనిన ఎత్తులో ఉంది. ఎవరో గుడ్డ తీసుకుని ఆ అద్దం తుడిచేస్తారేమోనని ఆమె అందరికంటే గట్టిగా ఏడ్చింది.

ఇంటిని కనిపెట్టుకుని ఉండే మనిషి పల్లాలమ్మ. ఇల్లు చేతికొచ్చిన రోజున హైమావతి ఆమెని అడిగే మొదటి మాట నీళ్ళ గురించీ కాదు, కరెంటు గురించీ కాదు.

"ఆ రోజు మావారు వెళ్తూ ఏమన్నారు పల్లాలమ్మా?"

"అందరూ ఏవంటారమ్మగారూ? ఆ మాటే అన్నారు. గుమ్మంలో చెప్పులేసుకుంటా అన్నారు, నేనిన్నాను."

హైమావతి గుండె కుదుటపడుతుంది. ఆ మాట ఆయన నోటికి అలవాటు చేసింది ఆమే. ఆ విషయంలో ఆమెది వల్లమాలిన చాదస్తం. "వెళ్తాననకూడదు నాయనా, వెళ్ళొస్తాననాలి," అని గ్యాసు బండ మోసుకొచ్చినవాడి చేత కూడా అనిపించి మరీ పంపేది. "వాడు నిజంగానే వెనక్కొస్తే ఇంకో బండ కొనాలోయ్!" అని కామేశం నవ్వేవాడు.

ఇన్నాళ్ళూ ఇల్లు తాళం వేసుంది కాబట్టి ఆయన వచ్చి, తలుపు తట్టి, వెనక్కి పోయి ఉంటాడు. అంతే అయి ఉంటుంది. ఇప్పుడు తను వచ్చింది కదా. సముద్రం వైపు గదిని ఆమె ఎవరికీ అద్దెకివ్వదు. అందులో ఆయన తువ్వాలు ఆరేస్తుంది. మిగతా గదులకి ఫోటోలు తీసి ఫోన్లో పెడుతుంది. జనం రావడం మొదలుపెడతారు.

మొదట హైదరాబాదు నుంచి ఒక కుటుంబం వస్తుంది. అలల్లో ఆడి, రొయ్యల వేపుడు తిని, ఆదివారం పొద్దున్న "వెళ్ళొస్తామండీ" అని పడవెక్కుతారు. పడవ ఏటి నడుమ ఉండగానే ఆ నలుగురూ వరండాలో, బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు.

"వచ్చాం," అంటాడు తండ్రి.

మర్నాడు హైమావతి వాళ్ళ నంబరుకి ఫోన్ చేస్తుంది. "క్షేమంగా చేరామండీ, బాబు స్కూలుకి కూడా వెళ్ళిపోయాడు," అంటుంది అవతల ఆ తల్లి. ఆ బాబు హైమావతి కాళ్ళ దగ్గరే గవ్వలు పేర్చుకుంటున్నాడు. వెళ్ళినవాళ్ళకి ఉద్యోగాలున్నాయి, హోంవర్కులున్నాయి. వచ్చినవాళ్ళకి తీరిక ఒక్కటే ఉంది. వాళ్ళకి ఆకలి వెయ్యదు, టీ ఇస్తే మాత్రం కాదనరు.

వాళ్ళకోసం ఇల్లు దానంతటదే వరండా చివర ఒక గది వేసుకుంటుంది. పొద్దున్న చూస్తే గోడకి సున్నం ఇంకా తడిగా ఉంటుంది.

శీతాకాలం వచ్చేసరికి వరండా ఈ చివర నుంచి చూస్తే ఆ చివర కనపడదు. "ఊడవలేక చత్తన్నానమ్మగారూ. మొదలెట్టిన కాడికి వచ్చేసరికి మళ్ళీ దుమ్ము పడిపోతంది," అని పల్లాలమ్మ నెత్తి కొట్టుకుంటుంది. గెస్టులు ఫోన్లో ఇంటికి మంచి మార్కులే వేస్తారు. "ఇల్లు చాలా బావుంది. మేమింకా అక్కడే ఉన్నట్టుంది," అని రాస్తారు.

అందరూ వస్తున్నారు. గుంటూరు వాళ్ళు వస్తున్నారు, నిజామాబాదు వాళ్ళు వస్తున్నారు, ఒక్క పూట ఉండి ఏసీ లేదని తిట్టిపోసిన మనిషి కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కామేశం ఒక్కడే రాడు. హైమావతి ప్రతి పడవకీ రేవులోకి వెళ్ళి నిలబడుతుంది. ఆయన తువ్వాలు ఉప్పుగాలికి అట్టకట్టిపోతే ఉతికి మళ్ళీ ఆరేస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ ఇల్లిచ్చావు, నా మనిషికి ఇవ్వలేవా అని గోడలతో పోట్లాడుతుంది. గోడలు ఓపిగ్గా వింటాయి.

అప్పుడు విజయవాడ నుంచి కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వస్తుంది. రెండో రోజే ఆఫీసు నుంచి పిలుపొచ్చి ఆ అబ్బాయి ముందుగా బయల్దేరతాడు. అమ్మాయి ఇంకా కొన్నాళ్ళుంటానంటుంది. "వెళ్ళొస్తామండీ," అని అబ్బాయి అలవాటుగా అనేసి పడవెక్కుతాడు.

అతను తిరిగి రాడు. హైమావతి అతని కోసం పోసిన టీ వరండా గట్టు మీద తొరక కడుతుంది. ఇలా ఎన్నడూ జరగలేదు. ఇల్లు మాట తప్పిందా ఏమిటి ఖర్మ, అనుకుంటుంది.

ఆదివారం అమ్మాయి కూడా "వెళ్ళొస్తానండీ" అని వెళ్ళిపోతుంది. పడవ ఇంకా కనిపిస్తుండగానే ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇసకలో నడుచుకుంటూ ఇంటికి వచ్చేస్తారు.

"మీరు ఇన్నాళ్ళూ రాలేదేం బాబూ?" అని అడుగుతుంది హైమావతి.

"వస్తామన్నాను కదండీ," అంటాడతను. "ఒక్కణ్ణే ఎలా వస్తాను?"

హైమావతి చేతిలో గ్లాసు చేతిలోనే ఉంటుంది. అలాగే పల్లాలమ్మ దగ్గరికి నడుస్తుంది. వరండా పొడుగు కాబట్టి ఆ నడక చాలాసేపు పడుతుంది.

"పల్లాలమ్మా, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. మావారు వెళ్ళొస్తాను అన్నారా, వెళ్ళొస్తాం అన్నారా?"

పల్లాలమ్మ చీపురు గోడకి ఆనిస్తుంది. "ఎల్లొత్తాం అన్నారమ్మగారూ. ఒక్కరే గదా, ఎల్లొత్తాం అంటారేటి అని నాకు నవ్వొచ్చింది కూడాను. ఈసారి మా ఆవిడ్ని తెత్తాను, కాఫీ అంటే ఏంటో ఆవిడ చేత్తో తాగి చూద్దువుగాని, అన్నారు."

హైమావతి ఉన్నచోటే చతికిలబడి బావురుమంటుంది. చచ్చేముందు కూడా నన్ను కలుపుకునే మాట్లాడారా అని ఏడుస్తుంది. వరండాలో కూర్చున్నవాళ్ళు ఆమెకి చోటిస్తూ కాళ్ళు ముడుచుకుంటారు.

"ఊరుకోండమ్మగారూ," అంటుంది పల్లాలమ్మ, తన కళ్ళు కూడా తుడుచుకుంటూ. "మీరిక్కడే కూకుంటే ఆయనెలాగొత్తారు? మీరెల్తేనే గదా ఇద్దరూ వచ్చేది."

మర్నాడు పొద్దున్నే హైమావతి తలంటు పోసుకుని, సముద్రం వైపు గది తనే ఊడుస్తుంది. ఇద్దరికి సరిపడా డికాక్షన్ దించి మూత పెడుతుంది. తాళాలు పల్లాలమ్మ చేతిలో పెట్టి, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి ఖాళీ గదికి వినపడేలా "వెళ్ళొస్తాం," అంటుంది.

తాతబ్బాయి గెడ వేస్తాడు. పడవ కదులుతుంది. కొంతదూరం పోయాక ఆయన ఆగి, హైమావతి పక్కన ఒక ఇసక బస్తా పెడతాడు.

"ఏమీ అనుకోకండి. పడవ మీ వైపు పైకి లేచిపోతంది. ఇందాక ఎక్కినప్పుడు మీరింత తేలిగ్గా లేరండి," అంటాడు.

ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది.

వరండాలో కామేశం ఉన్నాడు. బస్సెక్కిన రోజున వేసుకున్న చొక్కాయే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దానికోసమే జేబులు తడుముకుంటున్నాడు. ఆయన పక్కన తలంటు జుట్టు ఆరబోసుకున్న హైమావతి ఉంది. కళ్ళజోడు ఎక్కడుందో చెప్పకుండా నవ్వుతోంది.

పడవలో ఉన్న హైమావతికి అప్పుడు అర్థమవుతుంది. రాత్రంతా ఆమె వచ్చేదాని గురించే ఆలోచించింది. ఆయన ఎదురుపడితే ఏం మాట్లాడాలి, ముందు తిట్టాలా, ముందు ఏడవాలా, అంతా అనుకుని పెట్టుకుంది. వెళ్ళేది కూడా తనేనన్న సంగతి ఆమె తలపుకే రాలేదు. ఇన్ని ఫోన్లు చేసి, ఇంతమందిని అడిగి కూడా రాలేదు.

"ఎవరండీ ఆళ్ళు?" అంటాడు తాతబ్బాయి, చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని.

"గెస్టులు."

"మంచి జంట. చాన్నాళ్ళు ఉండేటట్టే ఉన్నారు."

ఇంతలో కామేశం పడవని చూస్తాడు. ఇంటి యజమాని కదా, మర్యాద తెలిసిన మనిషి. వరండా అంచుకి వచ్చి, ఎవరో తెలియని ఆడమనిషికి ఎలా చెప్పాలో అలాగే చెయ్యెత్తి కేకేస్తాడు.

"జాగ్రత్తమ్మా! మళ్ళీ రండి!"

ఆ గొంతు వినగానే "వెళ్ళొస్తానండీ" అన్న మాట హైమావతి నాలిక చివరికి వచ్చేస్తుంది. అంటే చాలు, వెంటనే అక్కడుంటుంది. కానీ అక్కడ ఒక హైమావతి ఉంది. ఇంకొకతె చేరితే ఆ నవ్వు ఆగిపోతుంది, కామేశం ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తాడు, ఎవరికి కుర్చీ వెయ్యాలో తెలియక నిలబడిపోతాడు. ఆమె పళ్ళు బిగబట్టి ఆ మాటని మింగుతుంది.

"వెళ్తానండీ," అంటుంది.

తాతబ్బాయి గెడ ఆపేస్తాడు. "తప్పండీ, అలా అనకూడదు."

"తెలుసు నాయనా," అంటుంది హైమావతి. "పోనియ్యి."

అవతలి ఒడ్డున రేవు లేదు. రేవు ఉండాల్సిన చోట, సగం చక్రాలు నీళ్ళలో మునిగి, రాజమండ్రి బస్సు ఆగి ఉంది. ప్రయాణికులందరూ దిగిపోయారు. డ్రైవరు కూడా దిగిపోయాడు. ఆమె పడవలోంచి నేరుగా బస్సులోకి అడుగు పెట్టి, ఏ సీటని వెతకకుండా వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంటుంది.

అద్దం ఎవరూ తుడవలేదు. నూనె మరక గుండ్రంగా అక్కడే ఉంది. ఆయన ఎత్తుకి అందడానికి ఆమె కాస్త నిక్కి కూర్చుని, కణత దానికి ఆనించుకుంటుంది. ఇంకా వెచ్చగా ఉంది. డ్రైవరు లేని బస్సు నింపాదిగా గోదావరిలోకి దిగుతుంది. నీళ్ళు మెట్లు ఎక్కుతాయి, అద్దం సగానికి వస్తాయి, ఆపైన దాటుతాయి.

బయట చిన్న చేపలు గుంపుగా వచ్చి, మరక ఉన్నచోట అద్దానికి మూతులు ఆనిస్తాయి. హైమావతి తల తియ్యదు.