పోయొస్తా

బంగారుపాళ్యంలో నిర్మలమ్మ ఇంటి గడప దాటుతూ ఎవరైనా "పోతా" అన్నారంటే వాళ్ళ పని అయినట్టే. చెప్పులేసుకున్న మనిషిని వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్ళు తాగించి, "పోయొస్తా" అనిపించుకుని గానీ వదిలేది కాదు. గ్యాసు సిలిండరు తెచ్చేవాడికైనా అదే మర్యాద, కడుపున పుట్టిన పిల్లలకైనా అదే. అన్న జయచంద్ర స్కూలుకు పోయే రోజుల్లో, బస్సు హారన్ కొడుతున్నా వినకుండా అమ్మ వాణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చిన సంగతి నందినికి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. బస్సు వెళ్ళిపోయింది. వాడు ఎండలో నడుచుకుంటూ పోయాడు. పోయొస్తానని చెప్పి మరీ పోయాడు.

ఆ జయచంద్ర పెద్దయ్యాక హైవే పక్కన ఒక చిన్న కంప్యూటర్ సెంటరు పెట్టాడు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల బిల్లులు కొట్టేవాడు. మిగతా కాలంలో పెళ్ళి పత్రికలు. కడుపు నింపేది అదే అయినా అతని ప్రాణమంతా ఇంకోచోట ఉండేది. లినక్స్ అని ఒకటుంది. కంప్యూటర్‌ని నడిపించే సరుకు. అది ఏ షావుకారు సొత్తూ కాదు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో తలా ఒక చెయ్యి వేసి దాన్ని తయారు చేస్తారు. ఆరు నెలలకొకసారి కొత్తగా విడుదల చేసి, అడిగినవాళ్ళకు ఊరికే ఇచ్చేస్తారు. ఊరికే ఇస్తున్నారంటే అందులో ఏదో మోసం ఉండి తీరాలని ఊరు ఊరంతా తేల్చేసింది. జయచంద్ర నవ్వి ఊరుకునేవాడు. దాని తెర మీద కనిపించే ఇంగ్లీషు మాటలన్నిటికీ తెలుగు రాసే కొద్దిమందిలో అతనొకడు.

'ఓపెన్' అంటే 'తెరువు', 'హైడ్' అంటే 'దాచు' అని చకచకా రాసుకుంటూ వచ్చినవాడు 'లాగౌట్' దగ్గర ఆగిపోయాడు. నందిని పక్కన కూర్చుని పెళ్ళి పత్రికలు మడుస్తోంది.

"నిష్క్రమించు అని పెట్టన్నా" అంది.

"నిష్క్రమించేదానికి ఇదేమన్నా రాజుగారి సభనా?" అన్నాడు జయచంద్ర. "మిగతావన్నీ మనం దానికి చెప్పే పనులు. తెరువంటే తెరుస్తాది, దాచమంటే దాస్తాది. ఇదొకటి అట్ల కాదు మే. పొద్దన్నించీ దాని ముందర కూసోనుండి, లేసి పోయేటప్పుడు దానికి మనం చెప్పే మాట. అమ్మ వింటే ఏమనమంటాది?"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. 'లాగౌట్' ఎదురుగా అతను 'పోయొస్తా' అని రాశాడు.

ఆ మాటతో మొదటి విడుదల వచ్చింది 2004 చివర్లో. సీడీల పార్సెలు చిత్తూరు పెద్ద పోస్టాఫీసుకు వచ్చిందని తెలిసిన రోజున ముసురు పట్టి ఉంది. వాన తగ్గనియ్యమంటే జయచంద్ర వినలేదు. గడపలో నిలబడి అమ్మకు "పోయొస్తామా" అని కేకేసి, మోపెడ్ తీసుకుని వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద లారీ గుద్దింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. చొక్కా లోపల పొట్టకు ఆనించుకున్న పార్సెలు మాత్రం తడవను కూడా తడవలేదు.

కర్మలన్నీ ముగిశాక, నందిని సెంటరు తాళం తీసి ఆ సీడీ కంప్యూటర్‌లో వేసింది. తెర మీద మెనూ తెలుగులో విచ్చుకుంది. అన్నిటికంటే కింద 'పోయొస్తా'. దాని మీద నొక్కడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా రాలేదు. పని అయ్యాక తెర ఆర్పేసి ఇంటికి పోయేది. మిగతా పని కరెంటు చూసుకునేది. మా పక్క కరెంటుకు ఎవరి దగ్గరా సెలవు తీసుకునే అలవాటు లేదు.

ఆ రోజే అన్న మెయిల్ పెట్టె కూడా తెరిచింది. తెలుగు జట్టు నుంచి ఉత్తరం వచ్చి ఉంది. 'జయచంద్ర గారూ, ఏప్రిల్ విడుదలకు పని మొదలైంది, మీ వాటా ఎప్పటికిస్తారు?' అని. పోయినాడని రాద్దామనే కూర్చుంది. ఎంతసేపటికీ వేళ్ళు కదల్లేదు. చివరికి 'చేస్తాను. జయచంద్ర' అని రాసి పంపింది.

మోసం చెయ్యాలని చేసిన పని కాదది. ఆ ఒక్కసారికి అనుకుంది. కానీ జవాబు వచ్చింది, దానికి మళ్ళీ జవాబివ్వాల్సి వచ్చింది. అన్న దగ్గర కూర్చుని నేర్చుకున్న పనే కాబట్టి వాక్యాలన్నీ తనే తెలుగు చేసేది, అన్న పేరుతో పంపేది. ఏప్రిల్ విడుదల వచ్చింది, అక్టోబరుది వచ్చింది, మళ్ళీ ఏప్రిల్‌ది వచ్చింది. జట్టులో జనం పెరిగారు. 'జయచంద్రన్నా, నువ్వు చెప్పినట్టే మార్చినాం' అని ఒకరు, 'అన్నా, మాకు బిడ్డ పుట్టింది' అని ఇంకొకరు రాసేవారు. ఊళ్ళో అతని ఫొటోకు దండ పడి ఉంది. అక్కడ మాత్రం జయచంద్ర దొరికితే చాలు, చేతులు పట్టుకుని మాట్లాడేవాళ్ళున్నారు.

ఈ సంగతి తెలిసిన రెండో మనిషి నిర్మలమ్మ. రోజూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చి బల్ల మీద పెట్టి, "మీ అన్నకు జాబేమన్నా వచ్చిందా?" అని అడిగేది. ఆమెకు మతి చెడలేదు. కొడుకును తన కళ్ళముందే సాగనంపిన మనిషి. అయినా అడిగేది, నందిని చదివి వినిపించేది. "బిడ్డ పుట్టిందంటనా? బాగుండాల తల్లీబిడ్డా" అని క్యారియరు మూత తీసేది.

అదిగో, అలా సాగిపోతున్నప్పుడే రూపేష్ కొత్తగా జట్టు బాధ్యత తీసుకున్నాడు. ఏర్పేడు పిల్లవాడు, బెంగుళూరులో ఉద్యోగం. వచ్చీ రాగానే ఆ మాట మీద పడ్డాడు. 'అన్నా, నీ పనికి వంక పెట్టేవాడు లేడు. పోయొస్తా ఒక్కటీ మార్చుకుందాం. కంప్యూటర్ మీద ఇంటి మాట ఏమిటని నవ్వుతున్నారు. ఇంకోపక్క వేరే జిల్లాల వాళ్ళు వెళ్ళొస్తా కావాలంటున్నారు. ఎవరికీ తగాదా లేకుండా నిష్క్రమించు అని పెట్టేద్దాం' అని రాశాడు. నందినికి ఒళ్ళు మండింది. అన్న ఏం చెప్పేవాడో అదంతా రాసింది. రూపేష్ మర్యాదగానే విన్నాడు గానీ పట్టు వదల్లేదు. వచ్చే ఆదివారం తిరుపతిలో అందరం కలుస్తున్నాం, అక్టోబరు విడుదలకు మాటలు పంపడానికి అదే ఆఖరు రోజు, నువ్వే వచ్చి చెప్పు, నువ్వు ఒప్పిస్తే ఆ మాట జోలికి ఎవరమూ రామన్నాడు.

నందిని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వెళ్ళకపోతే మాట పోతుంది. వెళ్తే అన్న లేడని చెప్పాలి. చెబితే మాట దక్కుతుంది, చచ్చిపోయినవాడి మాట తీసేసేంత కఠినులు కారు వాళ్ళు. కానీ ఆ క్షణం నుంచి అక్కడ కూడా జయచంద్ర ఉండడు. ఏది వదులుకోవాలో తేల్చుకోలేక, 'నేను రావడం కుదరదేమో, మా చెల్లెలు నందినిని పంపిస్తాను' అని రాసింది.

ఆదివారం పొద్దున్నే అమ్మకు "పోయొస్తామా" అని చెప్పి చిత్తూరులో బస్సు మారి తిరుపతి చేరింది. దారి పొడుగునా 'మా అన్న చనిపోయాడండీ' అనే వాక్యాన్ని పాఠంలా వల్లె వేసుకుంటూనే ఉంది. బస్టాండు దగ్గర ఒక లాడ్జి, దాని మేడ మీద హాలు. మెట్లెక్కగానే, నుదుట నామం చెరగని కుర్రవాడొకడు ఎదురొచ్చాడు. అతనే రూపేష్.

"నందినక్కా? రాక్కా రా. అన్న యాడ?" అని ఆమె వెనక మెట్ల వైపు తొంగి చూశాడు.

వల్లె వేసుకున్న వాక్యమంతా ఎటుపోయిందో. నోటికి ఇంటి మాటే వచ్చింది.

"పోయినాడు" అంది.

"మళ్ళీ తప్పించుకున్నాడా!" అని రూపేష్ పకపకా నవ్వాడు. "ఈసారి యాడికి పోయినాడు? ఎప్పుడొస్తాడు?"

లోపల ఉన్నవాళ్ళంతా నవ్వారు. మన భాషలో పోయినాడంటే పోయినాడే. ఊరికి పోయినా అదే మాట, కాటికి పోయినా అదే మాట.

"తెల్దు" అంది నందిని.

కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. జయచంద్రన్న ఎలా ఉంటాడు, పొడుగా పొట్టా, ఉత్తరాల్లో అంత బాగా తిడతాడే, మనిషి కూడా కోపిష్టేనా అని అడిగారు. "తిట్టేది నోటితోనే, మనసులో ఏమీ ఉండదు" అని చెబుతుంటే ఆమెకే తెలియకుండా నవ్వొచ్చింది. రెండేళ్ళలో అన్న గురించి 'ఉంటాడు', 'తిడతాడు' అని మాట్లాడింది ఆ రోజే. అన్నను ఎట్లైనా లాక్కొచ్చి ఈసారి అందరూ కలిసి కొండెక్కాలని అక్కడే తీర్మానం కూడా చేసేశారు.

చివరికి ఆ మాట దగ్గరికి వచ్చారు. "అన్న తరఫున నువ్వేమన్నా చెప్తావా అక్కా?" అని రూపేష్ అడిగాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. చెప్పాల్సిన సమయం అదే. అంతమంది కళ్ళల్లో అన్న బతికున్నాడు. తన నోటితో వాణ్ణి ఇంకోసారి చంపడానికి నందినికి మనసొప్పలేదు.

"ఏముందబ్బా చెప్పేదానికి. మీకు ఎట్ల తోస్తే అట్ల చేయండి" అంది.

చేతులెత్తారు. అక్కడ కూర్చుని ఆ చేతుల వంక చూడడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. 'పోయొస్తా' పోయి 'నిష్క్రమించు' వచ్చింది. సాయంత్రం వాక్యాలన్నీ కలిపి పంపేస్తామని రూపేష్ అన్నాడు. బస్సుకు వేళయిందని నందిని లేచింది. అతను మెట్ల దాకా వచ్చాడు.

"అన్నను బాధపడొద్దని చెప్పక్కా. వచ్చినాక ఒక్క ఫోను చేయమను."

"సరే అబ్బా. పోతా" అంది నందిని.

పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఎన్నడూ రాని మాట అది. రూపేష్ ఉలిక్కిపడ్డాడు. ఏర్పేడులో అతని తల్లి కూడా అలాంటిదే కాబోలు. ఒక్క అంగలో మెట్టు దిగి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యో, అట్లనగూడదక్కా! పోయొస్తా అను."

నందిని అతని మొహంలోకి చూసింది. అంతసేపూ బిగపట్టుకున్నదంతా తెగిపోయింది. ఆ మెట్టు మీదే కూలబడి బోరుమని ఏడ్చింది.

"ఆ మాటే గదా అబ్బా మీరు ఇప్పుడు తీసేసింది" అంది ఏడుస్తూనే. "మా అన్న ఊరికి పోలేదు. సచ్చిపోయినాడు. రెండేళ్ళుగా మీకు రాస్తా ఉండేది నేను."

రూపేష్ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. పైనుంచి ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. కాసేపటికి రూపేష్ లేచి, కళ్ళు తుడుచుకుంటూ పైకి వెళ్ళి, పంపాల్సిన వాక్యాల్లో ఆ మాటను మళ్ళీ యథాస్థానంలో పెట్టి వచ్చాడు.

అక్టోబరు విడుదల వచ్చింది. సీడీల పార్సెలు నందిని పేరు మీద వచ్చింది. తెలుగు జట్టు ప్రకటన చాలా బాగుంది. ఆ మాట ఎందుకలా ఉందో, ఎవరు పెట్టారో రూపేష్ నాలుగు ముక్కలు రాశాడు. చదివిన ఎవరెవరో కొత్తవాళ్ళు కూడా బాధపడుతూ ఉత్తరాలు పంపారు. అన్నీ 'నందిని గారికి' అనే మొదలయ్యాయి. పని చేసినవాళ్ళ పేర్ల జాబితాలో రెండేళ్ళుగా వట్టి 'జయచంద్ర' అని ఉన్నచోట ఇప్పుడు 'కీ.శే. జయచంద్ర' అని ఉంది. వాళ్ళు గౌరవంగానే పెట్టారు. మాట నిలిచింది. మనిషి ఈసారి పూర్తిగా పోయాడు.

మధ్యాహ్నం నిర్మలమ్మ క్యారియరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీ అన్నకు జాబేమన్నా వచ్చిందా?"

"లేదుమా."

"రేపొస్తాదేమోలే."

"ఇంగ రాదుమా" అంది నందిని. "అందరికీ చెప్పేసినా."

నిర్మలమ్మ క్యారియరు మూత మీద పెట్టిన చెయ్యి అలాగే ఉంచేసింది. తెర వైపు చూసింది. మెనూ కింద ఆ మాట కనిపిస్తూనే ఉంది. ఆమె దాన్ని కూడబలుక్కుని చదివింది.

"నాతో పోయొస్తా అనే చెప్పినాడు గదమ్మే" అంది.

నందిని అమ్మ చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, కరెంటు పోయేలోపల, మొదటిసారి ఆ మాట మీద నొక్కింది.