ఫినాయిలక్క కడగని నేల

ఆ ఎడిటింగ్ స్టూడియోకి అందరికంటే ముందు వచ్చేది ఫినాయిలక్క. పొద్దున్నే బకెట్టు నింపి, మూతతో కొలిచి ఫినాయిలు పోసి, గది గదీ తుడిచేది. నెల రోజులుగా మాత్రం ఆమె నడుం పడిపోతోంది. ఎంత తుడిచినా నేలంతా ఎర్రటి అడుగులే.

కొండపాట పాడినవాళ్ళ అరికాళ్ళకి ఆ కొండ ఎర్రమట్టి అంటుకుంటుంది. అది అందరికీ తెలిసిన సంగతే. కొండని గని కోసం తవ్వుతామని కంపెనీ వస్తే, వద్దంటున్న అక్కడివాళ్ళ మీద ఎడిటరమ్మ సినిమా తీసింది. ఇప్పుడు దాన్ని కత్తిరించి అతుకుతోంది. రోజంతా అదే పాట వింటుంటే నోరు ఊరుకుంటుందా? ఎడిటరమ్మ పాడింది. మిక్సింగ్ ఆయన పాడాడు. నేల పాడవుతోందని కేకలేసే ఓనరు కూడా లిఫ్టులో పాడుతూ దొరికిపోయాడు.

"నీ కాళ్ళొక్కటే శుభ్రంగా ఉన్నాయేంటక్కా? నీకు పాట నచ్చలేదా?" అని ఎడిటరమ్మ వేళాకోళమాడింది.

ఫినాయిలక్క గుడ్డ పిండింది. తెరమీద డోలు వాయిస్తున్నది ఆమె సొంత అన్న. పన్నెండేళ్ళ కిందట పట్నం వచ్చిన కొత్తలో, పాడి నేలంతా మట్టి చేస్తోందని మొదట పనికి కుదిరిన ఇంటావిడ గెంటేసింది. అప్పట్నుంచీ పాట మింగేసింది. మీదేవూరంటే ఇక్కడే అనేది. ఆ సిగ్గు ఆమెని లోపల్లోపల తినేస్తూనే ఉంది.

సినిమా ఊరూరా ఆడింది. గని మీద ప్రజాభిప్రాయ సేకరణ రోజున టౌన్‌హాలు కిక్కిరిసింది. కుట్టుపనివాళ్ళు, బస్సు కండక్టర్లు, కాలేజీ పిల్లలు అందరూ వచ్చారు. కొండవాళ్ళు మాత్రం తొమ్మిదిమందే. కంపెనీ లారీలు దారికి అడ్డం పెట్టేస్తే, అడవిలో పడి నడిచి రాగలిగింది వాళ్ళే. ఎడిటరమ్మ వెంట వచ్చిన ఫినాయిలక్క, అన్నకి మొహం చూపించలేక వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

అధికారి మైకు తట్టాడు. ఆ సినిమా చూడని మనిషి ఊళ్ళో ఆయనొక్కడే కాబోలు.

"ఆ కొండ మట్టి తొక్కినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు బయటికి దయచేయండి. వద్దనేది తొమ్మిదిమందేగా? అలాగే రాసుకుంటాం."

"దారి మూసేసి లెక్కపెడతారా బాబూ?" అన్నాడు అన్న. ఆయనకి మైకు ఇవ్వలేదు. డోలు ఎత్తబోతే పోలీసు లాక్కున్నాడు.

ఫినాయిలక్కకి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచింది. పన్నెండేళ్ళుగా మింగిన పాట ఒక్కసారిగా బయటికొచ్చింది. అరికాళ్ళు వెచ్చబడ్డాయి. ఎడిటరమ్మ అందుకుంది, కండక్టర్లు అందుకున్నారు, హాలంతా అందుకుంది. చెప్పులు విడిచి ఒక్కొక్కరే అధికారి బల్ల ముందునుంచి నడిచారు. తెల్లటి నేల ఎర్రబారిపోయింది.

"మట్టి తొక్కినవాళ్ళనే ఉండమన్నారుగా. లెక్కపెట్టుకోండి," అంది ఫినాయిలక్క.

అధికారి పక్కన కూర్చుని రాస్తున్న గుమాస్తా బూట్లు విప్పి, ఎర్రబడ్డ అరికాళ్ళు చూసుకున్నాడు. కాగితం మీద తొమ్మిదిని కొట్టేసి, హాలంతా వద్దంది అని రాశాడు.

అన్న వెనక్కి తిరిగాడు. "వచ్చావా చెల్లీ," అన్నాడు, ఆమె నిన్ననే వెళ్ళినట్టు.

ఆమెకి ఏడుపొచ్చింది. అంతలో అధికారి అరిచాడు. "ఏంటీ దరిద్రం! ఇక్కడ నేల కడిగేవాళ్ళెవరూ లేరా?"

"నేనున్నాను," అంది ఫినాయిలక్క. "కడగను."